పాత మెషిన్ భాష కొత్త కంప్యూటర్‌కి రాకపోతే, నడుమ ఒక దుబాసి

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. బెంగళూరు పీణ్య రెండో స్టేజ్‌లో మీ నాన్నగారి జాబ్ వర్క్ షాపు. 2002లో కొన్న ఒక వీఎంసీ (ప్రోగ్రామ్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్), దాని కంట్రోల్ లోపల నడిచేది విండోస్ 2000. ఇన్నాళ్లూ ఆఫీసు కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌ని మెషిన్ స్క్రీన్ మీదే తెరిచి ప్రోగ్రామ్ లాక్కునేవారు. ఆ కంప్యూటర్ పోయింది, కొత్తది విండోస్ 11తో వచ్చింది, అప్పటినుంచి మెషిన్‌కి ఆ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. ఎస్‌ఎంబీ 1, అంటే విండోస్‌లో ఫోల్డర్లు పంచుకునే పాత భాష, ఆన్ చేస్తే చాలని ఒకరు, చేస్తే కొంప మునుగుతుందని ఇంకొకరు అన్నారు. పక్కనే ఇంకో పాత లేత్ ఉంది, దానికి 25 పిన్నుల సీరియల్ పోర్టు తప్ప ఏమీ లేదు. దాన్నీ ఇదే పనిలో కలిపేయొచ్చా అని అడిగారు.

ఆ ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎస్‌ఎంబీ 1 తప్ప విండోస్ 2000కి వేరే భాష రాదు. దాన్ని తెచ్చి ఆఫీసు కంప్యూటర్‌లో పెడితే ప్రమాదం అన్న మాటా నిజమే. నేను హిందూపురం నుంచి వచ్చి పీణ్య, బొమ్మసంద్ర షాపుల్లో మెషిన్లకి నెట్‌వర్క్ కలపడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఎన్ని రకాలుగా చేసి చూసినా చివరికి ఒకే దారికి వచ్చాను. మెషిన్‌ని కదపకండి, ఆఫీసుని వెనక్కి లాగకండి, రెంటి నడుమ ఒక దుబాసిని పెట్టండి. పూర్వం దొరలకీ మన వర్తకులకీ మధ్య రెండు భాషలూ వచ్చిన మనిషి నిలబడేవాడు చూడండి, అలాంటిది. మన దుబాసి అరచేతిలో పట్టే ఒక డబ్బా, లినక్స్‌తో నడిచే చిన్న కంప్యూటర్.

డబ్బా కొనే ముందు మెషిన్‌లోని హార్డ్ డిస్క్ సంగతి చూడండి. మీరు అడగలేదు, అయినా ఇదే మొదటి పని. ఇరవై ఏళ్లకు పైగా వేడిలో, వైబ్రేషన్‌లో తిరుగుతున్న ఐడీఈ డిస్క్ అది. దాని మీద విండోస్ ఒక్కటే కాదు, మెషిన్ బిల్డర్ పెట్టిన సాఫ్ట్‌వేర్, పారామీటర్లు, పిచ్ ఎర్రర్ కాంపెన్సేషన్ పట్టిక (స్క్రూలోని తేడాల్ని సరిదిద్దే అంకెలు), అన్నీ ఉంటాయి. అది పోయాక నెట్‌వర్క్ ఉన్నా లేనట్టే. ఒక ఆదివారం డిస్క్ బయటికి తీసి, ఐడీఈ నుంచి యూఎస్‌బీ అడాప్టర్‌తో లినక్స్ కంప్యూటర్‌కి తగిలించి, మొత్తం డిస్క్‌ని సెక్టార్ సెక్టారుగా కాపీ తీయండి. ఫైళ్లు మాత్రం కాపీ చేస్తే బూట్ కాదు. ఆ కాపీని ఇండస్ట్రియల్ గ్రేడ్ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు మీదికి దింపి, ఐడీఈ అడాప్టర్‌తో మెషిన్‌లో పెట్టి చూడండి. బూట్ అయితే కార్డునే ఉంచేసి, అసలు డిస్క్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచండి.

ఇప్పుడు నెట్‌వర్క్ సంగతి. ఎవరు ఎవరిని పిలుస్తున్నారు అన్నది ముందు తేల్చుకోవాలి. మెషిన్ తన ఫోల్డర్‌ని షేర్ చేస్తే, కంప్యూటర్ వెళ్లి అందులో ప్రోగ్రామ్ వేస్తుంది. అప్పుడు మెషిన్ సర్వర్, కంప్యూటర్ క్లయింట్. మీ దగ్గర తిరగేసి ఉంది. మెషిన్ వచ్చి కంప్యూటర్ తలుపు తడుతోంది. చాలామంది ఈ తేడా చూడకుండా విండోస్ ఫీచర్స్‌లో ఎస్‌ఎంబీ 1 కింద ఉన్న అన్ని గడులకీ టిక్కు పెట్టేస్తారు. అక్కడ క్లయింట్ వేరు, సర్వర్ వేరు, మూడో గడి ఆటోమేటిక్ రిమూవల్. ఆ మూడోది ఒక తమాషా. పదిహేను రోజులు ఎవరూ వాడకపోతే విండోస్ తనంతట తానే ఎస్‌ఎంబీ 1ని తీసేస్తుంది, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్న సమయం లెక్కలోకి రాదు. ఒక షాపులో స్పిండిల్ రిపేరుకి మెషిన్ మూడు వారాలు ఆగింది, ఆఫీసు కంప్యూటర్ మాత్రం రోజూ నడిచింది. స్పిండిల్ బిగించిన రోజు ప్రోగ్రామ్ రాలేదు. పాపం ఆ స్పిండిల్ రిపేరు చేసినాయన ఒక పూటంతా తిట్లు తిన్నాడు.

ఇది ఒక్క తాళం కాదు, మూడు. ఒకటి తీసి తలుపు తెరుచుకోలేదని మళ్లీ మూసేసి, రెండోది తీసి అదీ కాదని వదిలేసిన వాళ్లని చాలామందిని చూశాను. మూడూ ఒకేసారి తీసి ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది.

మొదటిది వెర్షన్. విండోస్ విస్టాతో ఎస్‌ఎంబీ 2 వచ్చింది. అంతకు ముందువన్నీ, అంటే ఎక్స్‌పీ, 2000, ఎన్‌టీ 4, 98, అన్నీ ఎస్‌ఎంబీ 1 మాత్రమే. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి ఎస్‌ఎంబీ 1ని కొత్త ఇన్‌స్టాలేషన్లలో మామూలుగా పెట్టడం మానేశారు. లినక్స్ వైపు ఇదే ఫోల్డర్ షేరింగ్ చేసే సాంబా అనే సాఫ్ట్‌వేర్ కూడా 2019లో వచ్చిన 4.11 నుంచి దాన్ని డీఫాల్ట్‌గా ఆపేసింది, కాకపోతే అడిగితే ఇంకా ఇస్తుంది.

రెండోది పాస్‌వర్డ్‌ని నిరూపించే పద్ధతి. ఎక్కువ మంది పడేది ఇక్కడే. విండోస్ 2000ని ఎవరూ ముట్టుకోకపోతే అది ఎల్‌ఎం, ఎన్‌టీఎల్‌ఎం మొదటి రకం జవాబులే పంపుతుంది. ఇవి తేలిగ్గా విరిగిపోయే పద్ధతులు. సాంబా 4.5 నుంచి వీటిని డీఫాల్ట్‌గా ఒప్పుకోదు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చేసరికి ఎన్‌టీఎల్‌ఎం మొదటి వెర్షన్‌ని పూర్తిగా తీసేశారు. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పు అంటుంది, మీరు మళ్లీ కొడతారు, మళ్లీ తప్పు. కానీ విండోస్ 2000కి ఎన్‌టీఎల్‌ఎం రెండో వెర్షన్ కూడా వచ్చు, ఎవరూ వాడమని చెప్పలేదంతే. లోకల్ సెక్యూరిటీ పాలసీలో ల్యాన్ మేనేజర్ ఆథెంటికేషన్ లెవెల్ అన్నచోట, రెండో వెర్షన్ జవాబు మాత్రమే పంపు అన్నది ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. నెట్‌వర్క్ కార్డు, అడ్రస్ సంగతి పక్కన పెడితే, పాత మెషిన్ లోపల నేను ముట్టుకునే సెట్టింగ్ ఇదొక్కటే. అదీ డిస్క్ కాపీ చేతిలోకి వచ్చాకే.

మూడోది సంతకం, గెస్ట్ వ్యవహారం. 24హెచ్2 నుంచి విండోస్ 11 ప్రో ప్రతి ప్యాకెట్‌కీ, అంటే నెట్‌వర్క్‌లో వెళ్లే ప్రతి డేటా ముక్కకీ, డిజిటల్ సంతకం కావాలంటుంది. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వెళ్లడాన్నీ ఒప్పుకోదు. మన షాపుల్లో పాత షేర్లు చాలావరకు పాస్‌వర్డ్ లేనివే కదా. "నిన్నె సరి ఇత్తు సార్" అంటాడు ఆపరేటర్, నిన్న బాగానే ఉందని. బాగానే ఉండి ఉంటుంది, రాత్రి అప్‌డేట్ వచ్చింది.

ఇక ఆఫీసు కంప్యూటర్‌లోనే ఈ మూడు తాళాలూ తీసేస్తే ఏం పోయింది అంటే, ఎలుక కోసం ఇల్లు తగలబెట్టినట్టు అవుతుంది. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై అనే వైరస్ పాకింది ఎస్‌ఎంబీ 1లోని లోపం గుండానే. దానికి ప్యాచ్ మార్చి నెలలోనే వచ్చింది, వేసుకోని వాళ్లు పడ్డారు. గొడవ మొదలయ్యాక ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది, ఎప్పుడో సపోర్ట్ ఆగిపోయినా సరే. విండోస్ 2000కి ఆ భాగ్యం కూడా లేదు, దాని సపోర్ట్ 2010 జూలైలోనే అయిపోయింది. ఇది సినిమా కథ అనుకోకండి, 2018 ఆగస్టులో తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్‌ఎంసీ ఫ్యాక్టరీల్లో వాన్నాక్రై రకం వైరస్ పాకి ఉత్పత్తి ఆగింది. కొత్త టూల్‌కి సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు లోపలికి వచ్చింది. అంత కాపలా ఉన్న చోటే అలా జరిగితే, టాలీ, జీఎస్‌టీ, బ్యాంకు లాగిన్ అన్నీ ఒకే కంప్యూటర్‌లో నడిపే మన ఆఫీసుల సంగతి మీరే ఆలోచించండి.

దుబాసి దగ్గరికి వద్దాం. రాస్ప్‌బెర్రీ పై 4 అయినా, ఫ్యాన్ లేని పాత మినీ పీసీ అయినా సరే. దానికి రెండు నెట్‌వర్క్ పోర్టులు కావాలి, పై అయితే రెండోదానికి యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ పెట్టుకోవచ్చు. ఒక పోర్టు మెషిన్ వైపు, ఒకటి ఆఫీసు వైపు. ఆఫీసు వైపు మీ రూటర్ ఇచ్చే అడ్రస్ ఉండనివ్వండి. మెషిన్ వైపు పూర్తిగా వేరే శ్రేణి పెట్టండి, ఉదాహరణకి డబ్బాకి 192.168.50.1, మెషిన్‌కి 192.168.50.10. మెషిన్‌లో గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి. డబ్బాలో ఐపీ ఫార్వార్డింగ్ (ఒక పోర్టులో వచ్చిన ప్యాకెట్‌ని రెండో పోర్టుకి దాటించడం) ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. అప్పుడు మెషిన్ నుంచి ఆఫీసుకి గానీ ఇంటర్‌నెట్‌కి గానీ నేరుగా ఒక్క ప్యాకెట్ వెళ్లదు. రెండు వైపులా మాట్లాడేది డబ్బా ఒక్కటే, దాటేది ఫైళ్లే.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, నేనూ మొదట్లో పడ్డాను. సాంబాలో పాత వెర్షన్‌ని ఒప్పుకోమని చెప్పే సర్వర్ మిన్ ప్రోటోకాల్ అన్న లైను మొత్తం సర్వర్‌కి వర్తిస్తుంది, షేర్ షేర్‌కీ విడిగా ఇవ్వలేం. దానికి ఎన్‌టీ1 (సాంబా లెక్కలో ఎస్‌ఎంబీ 1 పేరు) అని పెట్టి, రెండు పోర్టుల మీదా సాంబా వింటుంటే, ఆఫీసు వైపు కూడా ఎస్‌ఎంబీ 1 తెరుచుకున్నట్టే. ఇంత చేసి మళ్లీ మొదటికే వచ్చాం అన్నమాట. అందుకని సాంబాని మెషిన్ వైపు పోర్టుకే కట్టేయండి. ఇంటర్‌ఫేసెస్ లైన్‌లో ఆ పోర్టు పేరు, లూప్‌బ్యాక్ (డబ్బా తనతో తాను మాట్లాడుకునే పోర్టు) మాత్రమే ఇచ్చి, బైండ్ ఇంటర్‌ఫేసెస్ ఓన్లీ అన్నదానికి యెస్ (yes) అని పెట్టాలి, రెండో లైను లేకపోతే మొదటిది ఉండీ లాభం లేదు. ఆఫీసు వైపు ఎస్‌ఎఫ్‌టీపీ, అంటే ఫైళ్లు భద్రంగా పంపే పద్ధతి, ఇవ్వండి, ప్రోగ్రాములు తయారుచేసే క్యామ్ కంప్యూటర్‌లో విన్‌ఎస్‌సీపీ అనే సాఫ్ట్‌వేర్ పెడితే పని అయిపోతుంది. మీ నాన్నగారికి మామూలు ఫోల్డర్‌లాగే కనిపించాలి అంటే, అదే డబ్బాలో ఒక కంటైనర్ (లోపలే విడిగా నడిచే చిన్న గది లాంటిది) పెట్టి, అందులో రెండో సాంబాని ఎస్‌ఎంబీ 3తో ఆఫీసు పోర్టు మీద నడపండి. కొంచెం పని ఎక్కువ, కానీ వాడేవాళ్లకి తేడా తెలియదు.

మీ మెషిన్ ఇందుకు ఎదురుగా, అంటే అదే సర్వర్ అయి ఉంటే, ఈ తిప్పలు సగం తగ్గేవి. డబ్బా ఎస్‌ఎంబీ 1 క్లయింట్‌గా మెషిన్ ఫోల్డర్‌ని మౌంట్ చేసుకుంటుంది, అంటే తన సొంత ఫోల్డర్‌లా తగిలించుకుంటుంది, వెర్షన్ 1.0 అని చెబితే చాలు, ఆఫీసు వైపు సాంబా మామూలుగా ఎస్‌ఎంబీ 3లో నడుస్తుంది. ఇది చదివే వాళ్లలో ఎన్‌టీ 4, 98 ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. 2021లో వచ్చిన లినక్స్ కెర్నెల్ 5.15 నుంచి మౌంట్ చేసే భాగంలో ఎన్‌టీఎల్‌ఎం మొదటి వెర్షన్, అంతకన్నా పాతవి తీసేశారు. అవి మాత్రమే తెలిసిన మెషిన్‌ని కొత్త కెర్నెల్‌తో మౌంట్ చేయలేం. అప్పుడు మౌంట్ జోలికి పోకుండా సాంబాతో వచ్చే ఎస్‌ఎంబీ క్లయింట్ అనే కమాండ్‌తో ఫైల్ తోసేయాలి. ఇంకోటి, విండోస్ 2000కి 445 పోర్టు (ఇది కేబుల్ పెట్టే పోర్టు కాదు, నెట్‌వర్క్‌లో తలుపు నంబరు) తెలుసు గానీ అంతకు ముందువాటికి 139 మాత్రమే తెలుసు, నెట్‌బయాస్ పేరు (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ పేరు) కూడా కావాలి. పేరు దొరక్కపోతే ఎల్‌ఎంహోస్ట్స్ ఫైల్‌లో రాయండి. అక్కడ ఎల్‌ఎంహోస్ట్స్ డాట్ ఎస్‌ఏఎం అని ఒక నమూనా ఫైల్ ఉంటుంది, జనం అందులో రాసి పని చేయట్లేదని జుట్టు పీక్కుంటారు. చివర ఆ ఎక్స్‌టెన్షన్ లేకుండా సేవ్ చేయాలి.

మెషిన్ నిజంగా ఏ భాష మాట్లాడుతోందో అనుమానం ఉంటే ఊహించకండి, వినండి. డబ్బాలో టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వెళ్లే మాటల్ని ఫైల్‌గా రాసే కమాండ్) నడిపి, మెషిన్‌లో ఫోల్డర్ తెరవమనండి, ఆ ఫైల్‌ని వైర్‌షార్క్‌లో చూడండి. మొట్టమొదటి నెగోషియేట్ ప్యాకెట్‌లో మెషిన్ తనకొచ్చిన భాషలన్నీ వరసగా చెప్పుకుంటుంది. ఆ జాబితా ఎన్‌టీ ఎల్‌ఎం 0.12 దగ్గర ఆగిపోతే ఎస్‌ఎంబీ 1 మాత్రమే. అందులో ఎస్‌ఎంబీ 2 అన్నది కనిపిస్తే మీ కష్టాల్లో సగం అనవసరం. మెషిన్ తలుపే తట్టకపోతే, అంటే ప్యాకెట్ ఒక్కటీ రాకపోతే, కేబుల్ దగ్గరికి వెళ్లాలి.

ఫోల్డర్ల విషయంలో నా తప్పు ఒకటి చెప్తాను. మొదట్లో రెండు వైపులా ఒకే ఫోల్డర్ పెట్టి, ఏది కొత్తదైతే దాన్ని రెండో వైపుకి కాపీ చేసేలా స్క్రిప్ట్ రాసేవాణ్ని. చూడ్డానికి చాలా ముచ్చటగా ఉండేది. ఒక మెషిన్‌లో మదర్‌బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోయింది, ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ 2000 జనవరికి వెళ్లిపోయేది. ఎవరూ పట్టించుకోలేదు, కటింగ్‌కి తేదీతో పనేముంది? ఆపరేటర్ రాత్రి షిఫ్టులో బోర్ సైజు సరిచేసి ప్రోగ్రామ్‌ని మెషిన్‌లోనే సేవ్ చేశాడు. దాని తేదీ 2000. ఆఫీసులో ఉన్న తప్పు కాపీ తేదీ ఆ వారానిది. నా స్క్రిప్ట్ ఆఫీసు కాపీనే కొత్తదనుకుని సరిచేసిన దాని మీద రాసేసింది. పొద్దున షిఫ్టులో పదకొండు ముక్కలు స్క్రాప్. ఓనరు ఏమీ అనలేదు, ఆ పదకొండు ముక్కల్నీ నా ముందున్న టేబుల్ మీద వరసగా పేర్చాడు.

అప్పటినుంచి రెండు ఫోల్డర్లే. ఒకటి పంపేవి, మెషిన్‌కి చదవడానికి మాత్రమే, రాయడానికి వీల్లేదు. ఇంకోటి వచ్చేవి, మెషిన్ అందులోనే రాస్తుంది. వచ్చేవాటిలో పడ్డ ప్రతి ఫైల్‌నీ డబ్బా తన గడియారం ప్రకారం తేదీ చేర్చి పక్కన దాస్తుంది, దేని మీదా రాయదు. ఏది అసలు కాపీ అన్నది మనిషి చూసి నిర్ణయిస్తాడు. మీరూ ఇలాగే పెట్టండి. ఆ మదర్‌బోర్డు బ్యాటరీ కూడా మార్పించండి, మామూలు సీఆర్ 2032 అయ్యుంటుంది.

కేబుల్ దగ్గర రెండు మాటలు. పోయిన ఏడాది ఒక షాపులో చిన్న ప్రోగ్రామ్ టక్కున వస్తోంది, మూడు ఎంబీ మౌల్డ్ ప్రోగ్రామ్ మాత్రం టీ తాగి వచ్చినా సగం కూడా రాదు. అందరూ దుబాసినే తిట్టారు. ప్యానెల్ తలుపు తీసి టార్చి వేస్తే లోపలంతా ఆయిల్ జిడ్డు, ఆర్‌జే 45 క్లిప్పు విరిగితే ఎర్ర ఇన్సులేషన్ టేపుతో అంటించారు. అది మార్చినా అంతే. మెషిన్ నెట్‌వర్క్ కార్డు సెట్టింగ్ తెరిస్తే, ఎవరో మహానుభావుడు దాన్ని 100 ఫుల్ డూప్లెక్స్‌కి ఫిక్స్ చేసి పెట్టాడు. ఒక వైపు ఫిక్స్ చేసి రెండో వైపు ఆటోలో ఉంటే, ఆటో వైపు ఉన్నది వేగాన్ని కనిపెట్టగలదు గానీ డూప్లెక్స్‌ని కనిపెట్టలేక హాఫ్‌కి పడిపోతుంది. పింగ్ శుభ్రంగా వస్తుంది, చిన్న ఫైల్ వస్తుంది, పెద్దది పాకుతుంది. ఈ లక్షణం చూడగానే మెషిన్‌ని కూడా ఆటోకి మార్చండి. మెషిన్ కార్డు 10 ఎంబీపీఎస్ రకం అయ్యి కొత్త స్విచ్‌లో లింక్ లైటే వెలగకపోతే, ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్డుకి వెళ్లి ఒక మామూలు 10/100 స్విచ్ కొని మధ్యలో పెట్టండి. ఖరీదైనవి చూపిస్తారు, అక్కర్లేదు.

ఇక లేత్. అవును, అదే డబ్బాతో కలపొచ్చు. లినక్స్‌లో ఇంకో లాభం ఉంది. కొన్ని పాత యూఎస్‌బీ సీరియల్ చిప్పులకి కొత్త విండోస్ డ్రైవర్ పని చేయదు, డివైస్ మేనేజర్‌లో ఆ చిప్పు 2012 నుంచి ఆపేశాం అన్న మాట కనిపిస్తుంది. లినక్స్‌లో అవే చిప్పులు మామూలుగా నడుస్తాయి. కొత్తగా కొనేటట్టయితే ఎఫ్‌టీడీఐ చిప్పు ఉన్నదే తీసుకోండి.

మీ లేత్ కంట్రోల్ ఫానక్ కంపెనీది అనుకుని రాస్తున్నాను, ఫోటోలో కీబోర్డు అలాగే ఉంది. 25 పిన్నుల నుంచి 9 పిన్నుల కేబుల్‌లో 2 నుంచి 2కి, 3 నుంచి 3కి వెళ్లాలి, గ్రౌండ్ 25 వైపు 7 నుంచి 9 వైపు 5కి. 25 పిన్నుల వైపు 4, 5 కలిపేయండి, 6, 8, 20 మూడూ కలిపేయండి. 9 పిన్నుల వైపు గ్రౌండ్ 5, అక్కడ 7, 8 ఒక జత, 1, 4, 6 ఒక గుంపు. సెట్టింగులు మామూలుగా 4800 లేదా 9600 బాడ్ (పంపే వేగం), ఏడు డేటా బిట్లు, ఈవెన్ పారిటీ, రెండు స్టాప్ బిట్లు. రెండు వైపులా ఒకటే ఉండాలి, అంతే. ప్రోగ్రామ్ మొదట్లో, చివర్లో పర్సెంట్ గుర్తు మర్చిపోకండి.

తప్పు ఎక్కడుందో అలారం నంబరే చెబుతుంది. 085 వస్తే బాడ్ రేటో, పారిటీనో కలవలేదు. 086 వస్తే అవతలి పరికరం సిద్ధంగా ఉన్నట్టు సిగ్నల్ లేదు, ఆ 6, 8, 20 జంపర్ చూడండి. 087 చూస్తే చాలామందికి టెన్షన్, కంట్రోల్ బోర్డే పోయిందనుకుంటారు. అసలు సంగతేమంటే, మెషిన్ చదువుతూ తన బఫర్ నిండగానే ఆపు అని డీసీ3 అనే సంకేతం పంపుతుంది. దాని తర్వాత పది అక్షరాల వరకు ఓర్చుకుంటుంది. అవతలివాడు ఇంకా పంపుతూనే ఉంటే 087. పాత కంప్యూటర్లలోని నిజమైన సీరియల్ పోర్టు వెంటనే ఆగేది. యూఎస్‌బీ అడాప్టర్‌లో తన సొంత బఫర్ ఉంటుంది, ప్రోగ్రామ్ ఆగినా ఆ బఫర్లో ఉన్నది కారిపోతూనే ఉంటుంది. నీళ్ల మోటారు ఆపేసినా పైపులో ఉన్న నీళ్లు వచ్చినట్టు. ముందు లినక్స్‌లో ఆ పోర్టుకి ఎక్స్ఆన్, ఎక్స్ఆఫ్ (ఆ ఆపు, పంపు సంకేతాల్ని పాటించడం) ఆన్ చేశారా చూడండి. చేసినా 087 వస్తే ఒక్కో బ్లాకుగా పంపి, ప్రతి బ్లాకు దగ్గరా కొంచెం ఆగేలా స్క్రిప్ట్ రాయండి, లేదా బాడ్ తగ్గించండి.

వేగం గురించి ఆశలు పెట్టుకోకండి. ఈ సెట్టింగుల్లో ఒక్కో అక్షరానికి స్టార్ట్ బిట్టుతో కలిపి 11 బిట్లు పోతాయి. 4800 బాడ్‌లో సెకనుకి దాదాపు 436 అక్షరాలు. 300 కేబీ ప్రోగ్రామ్ వెళ్లడానికి దాదాపు పన్నెండు నిమిషాలు. అసలు అంత పెద్దది ఆ లేత్ మెమరీలో పట్టకపోవచ్చు కూడా. ఆ కాలపు కంట్రోల్స్ మెమరీని పేపర్ టేప్ పొడవుతో కొలిచేవారు, 80 మీటర్లు అంటే దాదాపు 32 కేబీ. మాన్యువల్‌లో మెమరీ ఎదురుగా మీటర్లు చూసి అచ్చు తప్పు అనుకోకండి.

సీరియల్ కేబుల్ విషయంలో ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. మెషిన్ పవర్ ఉండగా పీకడం, పెట్టడం చేయొద్దు. మెషిన్ ఎర్త్ వేరు, ఆఫీసు ప్లగ్గు ఎర్త్ వేరు అయితే ఆ తేడా కరెంటంతా సన్నని గ్రౌండ్ తీగ గుండా పోతుంది, పోయేది కంట్రోల్ బోర్డు. ఆప్టో ఐసొలేటర్ పెట్టండి. డబ్బాని ప్యానెల్‌లోనే పెట్టి, అక్కడి 24 వోల్టుల నుంచి కన్వర్టర్‌తో కరెంటిస్తే ఇంకా మంచిది. అయితే షిఫ్టు అయిపోగానే ఆపరేటర్ మెయిన్ స్విచ్ కొట్టేస్తాడు, డబ్బాకి షట్‌డౌన్ చెప్పే వాడెవడూ ఉండడు. అందుకని మెమరీ కార్డు రీడ్ ఓన్లీలో నడిచేలా పెట్టి, ప్రోగ్రాములకి మాత్రం వేరే చిన్న ఎస్‌ఎస్‌డీ ఇవ్వండి. నడిచే డబ్బాకి పెద్ద వెర్షన్ అప్‌గ్రేడ్ చేసే ముందు కార్డు కాపీ ఒకటి తీసుకోండి, సాంబా వాళ్లు ఎస్‌ఎంబీ 1ని ఏదో ఒక రోజు తీసేస్తారు.

మీకు లేవు గానీ ఇదే రకం తలనొప్పి ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నెట్‌బియూయి మాత్రమే తెలిసిన డాస్ మెషిన్ ఉంటే, ఆ ప్రోటోకాల్ ఎక్స్‌పీ సీడీలో వాల్యూ యాడ్ ఫోల్డర్లో దొరుకుతుంది, విస్టా నుంచి లేదు. నన్నడిగితే దాని వెంట పడకుండా, డాస్‌లోనే ప్యాకెట్ డ్రైవర్ వేసి ఎంటీసీపీలోని ఎఫ్‌టీపీ సర్వర్ నడపండి, ఆధునిక లినక్స్‌తో హాయిగా మాట్లాడుతుంది. నెట్‌వేర్ కాలపు ఐపీఎక్స్‌ని లినక్స్ కెర్నెల్ 4.18లో తీసేశారు, విండోస్‌లో విస్టాలోనే పోయింది. దానికి వర్చువల్ మెషిన్‌లో పాత సిస్టమే దిక్కు. పాత స్విచ్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లలేకపోతుంటే, ఆ ఒక్క హోస్ట్‌కి మాత్రం పాత కీ ఎక్స్ఛేంజ్‌ని ఒప్పుకునేలా ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో రాసుకోండి, అన్నిటికీ కాదు.

మీ వీఎంసీ విషయంలో వరస ఇది. ఈ ఆదివారం డిస్క్ కాపీ. అది కార్డు మీద బూట్ అయ్యిందని చూశాకే ఆథెంటికేషన్ లెవెల్ మార్చండి. తర్వాత డబ్బాని మెషిన్‌తో ఒక్కటే, ఆఫీసు పోర్టు ఖాళీగా ఉంచి కలపండి, మెషిన్ స్క్రీన్ మీద ఫోల్డర్ తెరుచుకుంటే ఆఫీసు వైపు కేబుల్ పెట్టండి. తెరుచుకోకపోతే ఆ నెగోషియేట్ ప్యాకెట్ స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడ పెట్టండి, దానితోపాటు మెషిన్‌లో వచ్చిన ఎర్రర్ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. "కనెక్ట్ అవ్వట్లేదు" అని మాత్రం రాయకండి. లేత్‌ని ఆ తర్వాతి ఆదివారానికి ఉంచుకోండి, రెండూ ఒకే రోజు విప్పితే సోమవారం మొదటి షిఫ్టుకి రెండూ విప్పే ఉంటాయి.